ఫ్లాష్ గోర్డన్ నిజంగా బక్ రోజర్స్‌కి కాపీయేనా?

కాపీయే, అందులో దాపరికమేమీ లేదు. అమెరికా పేపర్లలో బక్ రోజర్స్ అనే అంతరిక్ష వీరుడి కామిక్ స్ట్రిప్ (బొమ్మల కథ) బాగా ఆడుతోంది, మనకీ అలాంటివాడొకడు కావాలని, పేపర్లకి కామిక్స్ సరఫరా చేసే కింగ్ ఫీచర్స్ కంపెనీ వాళ్లు పనిగట్టుకుని పుట్టించిన హీరో ఫ్లాష్. అసలు ముందు వాళ్లు అడిగింది రచయిత ఎడ్గార్ రైస్ బరోస్ సృష్టించిన, అంగారకుడి మీద సాహసాలు చేసే హీరో జాన్ కార్టర్‌ని. బేరం కుదరలేదు. దాంతో తమ దగ్గరే పనిచేస్తున్న అలెక్స్ రేమండ్ అనే 24 ఏళ్ల బొమ్మలేసే కుర్రాడికి అప్పజెప్పారు.

తేదీలు చూస్తే నవ్వొస్తుంది. బక్ రోజర్స్, టార్జాన్ స్ట్రిప్పులు రెండూ 1929 జనవరి 7నే మొదలయ్యాయి. సరిగ్గా ఐదేళ్లకు, 1934 జనవరి 7న, ఆదివారం పేజీలో పైన జంగిల్ జిమ్ అనే అడవి వీరుడు, కింద ఫ్లాష్ గోర్డన్. టార్జాన్‌కి పోటీగా ఒకడు, బక్‌కి పోటీగా ఒకడు, ఇద్దర్నీ గీసింది రేమండే!

నేను చిన్నప్పుడు ఇంద్రజాల్ కామిక్స్‌లో ఫ్లాష్‌ని చదివినా, ఆ పాత పేజీలు చూసింది చాలా ఏళ్ల తరవాత, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఓ రీప్రింట్ దొరికినప్పుడు. మొదటి పేజీలోనే భూమి మీదికి ఓ గ్రహం దూసుకొస్తుంటుంది, ఉల్క తగిలి విమానం రెక్క విరుగుతుంది, ఫ్లాష్ పక్కనున్న డేల్ అనే అమ్మాయిని పట్టుకుని పారాచూట్‌తో దూకుతాడు, దిగేది కరెక్టుగా డాక్టర్ జార్కోవ్ ల్యాబ్ దగ్గర, ఆయనేమో పిస్తోలు చూపించి ఇద్దర్నీ రాకెట్ ఎక్కిస్తాడు. మన హీరో చదివింది యేల్ యూనివర్సిటీలో, ఆడేది పోలో, అంతరిక్షానికి పనికొచ్చే క్వాలిఫికేషన్ ఒక్కటీ లేదు. విలన్ మింగ్ కూడా అరువు సరుకే, అప్పటి నవలల్లోని చైనా విలన్ ఫూ మాంచూ పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బక్ శత్రువులూ మంగోలులే కదా, ఆసియా వాళ్లు వచ్చి మింగేస్తారన్న భయం అప్పట్లో అక్కడ బాగా అమ్ముడుపోయేది. ఇప్పుడు చదువుతుంటే, అందులోనూ మనలాంటివాళ్లకి, ఎబ్బెట్టుగానే ఉంటుంది.

ఐడియా పరంగా నా ఓటు బక్‌కే. గనిలో గ్యాసు పీల్చి పడిపోయి ఐదొందల ఏళ్ల తరవాత లేచే మనిషి, అదీ అసలు కథంటే. కానీ బక్‌ని గీసిన డిక్ కాల్కిన్స్ బొమ్మలు కర్రల్లా బిగుసుకుని ఉంటాయి. రేమండ్ కూడా మొదట్లో ఇరుకిరుకు గళ్లలోనే గీశాడు గానీ, రెండు మూడేళ్లకి గళ్లు పెద్దవయ్యాయి, కాలక్రమంలో మాటల బుడగలు కూడా పోయి కథంతా బొమ్మ కింద రాతలోకి దిగింది. గుడ్డ మడతలు, కండరాల మీద నీడ... నేనైతే ఆ రాత వదిలేసి బొమ్మలే చూస్తూ కూర్చుంటా. అరువు తెచ్చుకున్న కథతో మొదలైనవాడు అసలుని దాటింది ఇక్కడే. 1935లో ఫ్లాష్‌ని చూసి డాన్ డిక్సన్ అని ఒకడొచ్చాడు, ఇవాళ ఎవరికి గుర్తున్నాడు?

ఇంకో తమాషా: 1936 సినిమా సీరియల్‌లో ఫ్లాష్‌గా వేసిన నటుడు బస్టర్ క్రాబే 1939లో బక్ రోజర్స్‌గానూ వేశాడు. తరవాత హాలీవుడ్ దర్శకుడు జార్జ్ లూకాస్ ఫ్లాష్ సినిమా హక్కులు అడిగి, దొరక్క, సొంతంగా స్టార్ వార్స్ రాసుకున్నాడు.

కొనాలనుకుంటే మొదటి రెండేళ్ల పేజీల కోసం తొందరపడకండి. 1936 నుంచి, 1944లో రేమండ్ అమెరికా సైనిక దళం మెరైన్స్‌లో చేరేదాకా వచ్చినవి ముందు పట్టుకోండి, అదీ కాస్త పెద్ద సైజు ఎడిషన్‌లో.