ఆరుద్ర చుక్క చూపించబోయే మా బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనకోడలు గుడారి పక్కన కొండ ఊళ్ళో స్కూలు మేడెక్కి నలభై మంది పిల్లలకి ఆరుద్ర నక్షత్రం చూపిస్తుందంట, నువ్వే ఏదో చెప్పు తమ్ముడూ" అంది. అప్పట్నుంచి నిద్ర లేదు నాకు. ఒకపక్క బరంపురంలో ఎమ్మెస్సీ చదివే పిల్ల సెలవులకి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోకుండా కొండెక్కుతానంటే గర్వంగా ఉంది, ఇంకోపక్క ఒకటే గుబులు. అందుకే రాస్తున్నా, చివరిదాకా చదువు, సగం చదివి సరే మావయ్యా అని బొటనవేలు బొమ్మ పెట్టేస్తావ్, నాకు తెలుసు.

సంక్రాంతి దాటాక అమావాస్య దగ్గర్లో పెట్టుకో, దుప్పట్లు తెమ్మను, మిఠాయి బుట్టలకి చుట్టే ఎర్ర కాగితం టార్చికి కట్టు, మొదలుపెట్టే ముందు కళ్ళు చీకటికి అలవాటు పడేలా 20 నిమిషాలు ఎవరూ సెల్ ముట్టుకోకూడదని చెప్పు. ఇవన్నీ నీకు తెలిసినవే.

కానీ ముందు పగటి పూట వెళ్ళి ఆ మేడకి పిట్టగోడ నాలుగు వైపులా ఉందో లేదో చూసిరా. ఒక్క వైపు లేకపోయినా మేడ వద్దు, గ్రౌండ్‌లో గడ్డి పరిచి పడుకోబెట్టి చూపించు. ఎందుకో తర్వాత చెప్తా. ఏనుగులు తిరుగుతున్నాయేమో కూడా ఊరివాళ్ళని అడుగు, వాళ్ళు వద్దంటే ఇంక బతిమాలకు.

పిల్లలకి ఏం చెప్పాలి అంటావా, కార్తెలతో మొదలుపెట్టు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన ఇళ్ళల్లో అనని వాళ్ళు లేరు, కానీ ఆ రోహిణిని చూసినవాళ్ళు ఎంతమంది? ఆ కార్తెలో సూర్యుడు దాని పక్కనే ఉంటాడు కాబట్టి అప్పుడు కనిపించదు, చూడాలంటే చలికాలమే. ఆరుద్రా అంతే. వాళ్ళ ఇంట్లో సవర భాషలోనో కువి భాషలోనో దాన్ని ఏమంటారో అడుగు, వాళ్ళు చెప్పింది రాసుకో. మన ఒడిశా ఖండపడాలో పుట్టిన ఖగోళ పండితుడు పఠాణి సామంత వెదురు గొట్టం, కర్రలతోనే గ్రహాలు కొలిచాడని చెప్పు, టెలిస్కోప్ లేదని చిన్నబోతారు లేకపోతే.

రోహిణి, ఆరుద్ర (మీ పుస్తకాల్లో ఆల్డెబరాన్, బెటెల్‌గ్యూస్) రెండూ ఎర్రగానే ఉంటాయి గానీ రెండిటి కథ వేరు, ఇది కలిపేయకు. రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, బరువు ఇంచుమించు మన సూర్యుడంతే, కానీ అడ్డం సూర్యుడికి 44 రెట్లు. కడుపులో హైడ్రోజన్ అయిపోయాక మధ్యభాగం తన బరువుకి తానే కుంచించుకుపోతుంది, కుంచించుకునేకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికి చుట్టూ ఉన్న పొరలో హైడ్రోజన్ ఇదివరకటి కంటే జోరుగా మండుతుంది, దాంతో పై పొర ఉబ్బి ఉబ్బి దూరం జరిగి చల్లబడుతుంది, చల్లబడింది కాబట్టి ఎర్రన. ఎర్రగా ఉందంటే ఎక్కువ వేడి కదా అని అడుగుతారు చూడు, అప్పుడు కమ్మరి కొలిమి గుర్తుచెయ్యి, ఇనుము మొదట ఎర్రబడుతుంది, ఇంకా ఊదితే పసుపు, తర్వాత తెలుపు. మన సూర్యుడి పైన 5,500 డిగ్రీలుంటే ఆరుద్ర పైన 3,300 దాకానే. ఇంకో 500 కోట్ల ఏళ్ళకి మన సూర్యుడూ రోహిణి దారే పడతాడు, బుధుణ్ణీ శుక్రుణ్ణీ మింగి, చివరికి పై పొరలు వదిలేసి తెల్లటి మరుగుజ్జు చుక్కగా మిగులుతాడు.

ఆరుద్ర బరువు మాత్రం సూర్యుడికి 15, 20 రెట్లు, లోపల 20 కోట్లకి పైగా సూర్యుళ్ళు పడతారు, అంత బూరెలా ఉబ్బింది కాబట్టే పై పొరల్లో వాయువు మనం పీల్చే గాలి కన్నా ఎంతో పల్చన. దాని వయసు కోటి ఏళ్ళు అటూ ఇటూ, మన సూర్యుడికి 460 కోట్లు. పెద్ద కుటుంబంలో ధాన్యం గాదె తొందరగా ఖాళీ అయినట్టే బరువెక్కువ చుక్క తొందరగా అయిపోతుంది. అది హీలియం, కార్బన్ అలా ఒకటి తర్వాత ఒకటి కాల్చుకుంటూ ఇనుము దాకా వెళ్తుంది, ఇనుము కాల్చితే వచ్చేదేం లేదు, అక్కడ నడుం విరిగినట్టు కూలి పేలిపోతుంది.

ఆ పేలడం దగ్గరే నేను తప్పు చేసా బుజ్జమ్మా, మీ అమ్మక్కూడా పూర్తిగా తెలీదు.

2019 చివర్లో ఆరుద్ర మసకబారడం మొదలైంది. రోజూ చూసే చుక్క కదా, జనవరికి రోహిణి కన్నా తక్కువైపోయింది, ఫిబ్రవరి మధ్యకి మామూలు వెలుగులో మూడోవంతు. పేపర్లలో పేలుతుందేమో అని రాసారు. నేను అప్పుడు హాస్టల్ ఉన్న ఒక స్కూల్లో సైన్స్ చెప్పేవాణ్ణి, క్లాసులో నిలబడి "ఏ రాత్రయినా పేలొచ్చురా, పేలితే పగలు కూడా కనిపిస్తుంది, మనమే చూస్తామేమో" అనేసా. నా ఉత్సాహం అలాంటిది. ఎనిమిదో క్లాసు సవర గుంటడు ఒకడు, మాటే ఆడడు, ఆ మర్నాటి నుంచి అందరూ పడుకున్నాక ఒక్కడే మేడెక్కేవాడంట. ఒక వైపు పిట్టగోడ లేదు. ఒక రాత్రి వాటర్ ట్యాంకు అడ్డొస్తుందని పైకి చూస్తూ వెనక్కి అడుగులేసుకుంటూ పోయాడు. కింద ఇసక కుప్ప ఉండబట్టి బతికాడు తల్లీ. కుడి చెయ్యి విరిగింది. ఆస్పత్రిలో నన్ను చూడగానే వాడడిగింది ఒక్కటే, "సార్, నేను పడిపోయిన టైముకి పేలిందా?"

వాడి రూళ్ళ పుస్తకం నా దగ్గరే ఉంది. ప్రతి లైన్లో తేదీ, దాని పక్కన ఒడియాలో "ఆజి ఫాటిలా నాహి". ఇవాళ పేలలేదు. 31 లైన్లు. చివరి ఎనిమిది అక్షరాలు ఒంకరపోయి, రూళ్ళు దాటేసి ఉన్నాయి, ఎడం చేత్తో రాసాడు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు, పుస్తకం హాస్టల్లో ఉండిపోయింది. ఏప్రిల్‌కి ఆరుద్ర మళ్ళీ మామూలుగా వెలిగింది, ఆ మాట చెప్పడానికి వాడు లేడు. 2021లో చిలీలో పెద్ద టెలిస్కోప్‌తో తీసిన ఫొటోలు చూసి తేల్చారు, చుక్క మీద ఒక చోట చల్లబడి, అదే కక్కిన వాయువు ధూళిగా మారి అడ్డొచ్చిందంతే అని.

అందుకని దగ్గర్లో పేలుతుంది అని నీ నోటంట రాకూడదు. చుక్కకి దగ్గర్లో అంటే లక్ష ఏళ్ళు, పన్నెండేళ్ళ పిల్లాడికి దగ్గర్లో అంటే ఈ రాత్రి.

వాళ్ళని ఎదురుచూడమనకు, కొలవమను. మామూలుగా ఆరుద్ర రోహిణి కంటే కొంచెం ఎక్కువ వెలుగుతుంది, మసకబారినప్పుడు వేటగాడి (ఓరయన్) చుక్కల గుంపులో దాని ఎదురు భుజం దగ్గరున్న చుక్క బెల్లాట్రిక్స్‌తో సమానమైంది, ఈ రెండిటి మధ్య ఎక్కడుందో వారానికోసారి రాసుకోమను. ఎర్ర చుక్కని కళ్ళప్పగించి చూస్తే ఉన్నదాని కన్నా ఎక్కువ వెలుగనిపిస్తుంది, చూపు అలా వేసి తీసెయ్యాలి. ఇంకోటి, ఆకాశంలో రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నప్పుడే పోల్చాలి, కొండ అంచు దగ్గరున్నదాన్ని నడినెత్తిన ఉన్నదాంతో పోల్చకూడదు.

ఇంకో పని ఉంది. ఆ కుర్రాడి ఊరు నువ్వెళ్ళే ఊరికి రెండు కొండల అవతలే. ఇప్పుడు పెద్దవాడయ్యుంటాడు. నేనెన్నిసార్లో వెళ్దామనుకుని గుణుపురం బస్టాండు దాకా వచ్చి తిరిగొచ్చేసా. నువ్వు పిలువమ్మా, మా మావయ్య పంపాడు అని చెప్పి ఆ పుస్తకం ఇవ్వు. వస్తే ఆరుద్ర ఎక్కడుందో నువ్వు వెతకక్కర్లేదు, వాడే చూపిస్తాడు.

ఎల్లుండి పొద్దుటి బస్సుకి ఇటే వచ్చెయ్, అత్తయ్య అరిసెలు చేస్తోంది, పుస్తకం కవర్లో పెట్టి ఉంచా.

మీ మావయ్య