డిశ్చార్జి బుక్కులో తప్పులు దిద్దించుకోవడం గురించి తమ్ముడికి రాసిన లేఖ

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు నిదానంగా చూశాను. నువ్వు సైన్యం నుంచి వచ్చేటప్పుడు వాళ్ళిచ్చిన డిశ్చార్జి బుక్కులో మరదలి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. చిన్నమ్మాయి పుట్టినట్టు ఎంట్రీయే లేదు. ఫైరింగ్ రేంజిలో చెవికి తగిలిన దెబ్బ గురించి ఒక్క ముక్క కూడా ఎక్కడా కనబడలేదు. ఇవి మూడు వేరువేరు పనులు, మూడింటికీ చూపించాల్సిన కాగితాలూ వేరు. అన్నీ ఒకే దరఖాస్తులో గుదిగుచ్చి పంపితే, వాటిలో ఏది తేలకపోయినా మిగతా రెండూ దానితో పాటే ఆగిపోతాయి. విడివిడిగా రాయి.

పెన్షన్ నెలనెలా పడుతోంది కదా, తొందరేముంది అన్నావు. నువ్వున్నంత కాలం ఇవి నిన్ను పెద్దగా ఇబ్బంది పెట్టవు నిజమే. రేపు నువ్వు లేని రోజున ఫ్యామిలీ పెన్షన్ కోసం మరదలు వెళ్తే, పీపీఓలో, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో, ఉన్న పేరూ తన పేరూ ఒకటేనని ఆవిడ రుజువు చేసుకోవాలి. ఇప్పుడైతే నువ్వే సంతకం పెట్టి, 'ఈమె నా భార్య, రెండు పేర్లూ ఈమెవే' అని అఫిడవిట్ ఇవ్వగలవు. ఆ మాట చెప్పగలిగినవాడే లేకపోతే పని ఎంత కష్టమో నేను చూశాను. నా సర్వీసంతా యూనిట్ ఆఫీసుల్లో క్లర్కుగానే గడిచింది కాబట్టి భర్త పోయిన ఆడవాళ్ళు రాసే ఉత్తరాలు చాలా చదివాను. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకో. చేతిలో ఉంది కదా అని డిశ్చార్జి బుక్కునే అసలు రికార్డు అనుకుంటారు మనవాళ్ళు. అసలుది షీట్ రోల్. నువ్వు భర్తీ అయినప్పుడు తెరిచినది, రికార్డు ఆఫీసులో ఉంటుంది. కుటుంబం వివరాలు కిండ్రెడ్ రోల్‌లో ఉంటాయి. పెళ్ళి, పిల్లల పుట్టుక లాంటివి యూనిట్ నుంచి పార్ట్ టూ ఆర్డర్ అనే అధికారిక ప్రకటన అచ్చయితేనే అందులోకి ఎక్కుతాయి. నీది ఆర్టిలరీ కాబట్టి నీ కాగితాలు నాసిక్ రోడ్ క్యాంపులో ఉన్నాయి. మీ బావమరిది ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం) అన్నావు, అతనికైతే సికింద్రాబాదే. సిగ్నల్స్ వాళ్ళకి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంటుకి వెల్లింగ్టన్, వాయుసేన వాళ్ళకి ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ సెయిలర్లకి ముంబై.

కాబట్టి 'దిద్దండి' అని అడిగేముందు అక్కడ ఏం రాసి ఉందో తెలుసుకో. తప్పు షీట్ రోల్‌లోనే ఉందా, లేక అక్కడ సరిగ్గా ఉండి డిశ్చార్జి బుక్కులోకి ఎక్కించేటప్పుడు జరిగిందా? రెండోదైతే పని చాలా తేలిక. వివరం కోసం రికార్డు ఆఫీసుకి మామూలు ఉత్తరం రాయొచ్చు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడుగు. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. 'నా రికార్డు ఎందుకు తప్పుగా ఉంది' అని అడిగితే ఏమీ రాదు. షీట్ రోల్, కిండ్రెడ్ రోల్, నా కుటుంబానికి సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ల నకళ్ళు ఇవ్వండి అని పత్రాల పేర్లు పెట్టి అడుగు.

ఇక పేరు సంగతి. ఈ చిక్కు మన తెలుగువాళ్ళకి ఉన్నంతగా మిగతావాళ్ళకి ఉండదు. మనకి ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. ఉత్తరాది క్లర్కు చివరి మాటని ఇంటిపేరు అనుకుంటాడు. అలా 'రావు' ఇంటిపేరవుతుంది, అసలు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. ఆడవాళ్ళకైతే పుట్టింటి ఇంటిపేరు ఒక కాగితంలో, అత్తింటిది ఇంకో కాగితంలో. ఇంట్లో 'లక్ష్మి' అని పిలుస్తాం కాబట్టి సెలవు నుంచి వెళ్ళిన కుర్రాడు ఆఫీసులో 'లక్ష్మి' అనే రాయిస్తాడు. పదో తరగతి మెమోలో 'వెంకట లక్ష్మి' అని ఉన్నట్టు అతనికి గుర్తే ఉండదు. పుట్టినతేదీ తెలియక జనవరి 1 అనో జులై 1 అనో చెప్పేవాళ్ళకి లెక్కే లేదు.

ఇక్కడ అందరూ ఆధార్‌ని పట్టుకుని ఆర్మీ రికార్డుని దానికి తగ్గట్టు మార్చమంటారు. నా సలహా వేరే. రెండింటిలో ఏది పాత ఆధారంతో నిలబడుతుందో చూడు. మరదలి పదో తరగతి మెమోలో, పెళ్ళి రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరే ఆర్మీ రికార్డులోనూ ఉంటే, తప్పు ఆధార్‌ది. దాన్నే మార్చు, నాసిక్ దాకా వెళ్ళే పనే లేదు. కాకపోతే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. ఏ అక్షరాలు కావాలో కాగితం మీద రాసుకుని, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు కూడా పక్కన పెట్టుకుని, అప్పుడు సెంటర్‌కి వెళ్ళండి.

తప్పు ఆర్మీ రికార్డులోనే అని తేలితే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళు, మనం సైనిక్ బోర్డు అంటామే, అదే. వాళ్ళ ద్వారా వెళ్ళిన దరఖాస్తుకి విలువ ఎక్కువ. దరఖాస్తు పైన ఆర్మీ నంబరు, ర్యాంకు, రికార్డులో ఉన్న ప్రకారం నీ పేరు, ట్రేడ్, ఆఖరి యూనిట్, డిశ్చార్జి తేదీ వరసగా ఉండాలి. కింద రెండే వాక్యాలు చాలు: ఇప్పుడు ఇలా ఉంది, ఇలా ఉండాలి. మామూలుగా జతచేసేవి అఫిడవిట్, భార్యాభర్తల ఉమ్మడి ఫోటో, ఆధార్, పాన్, మెమో, పీపీఓ నకలు. చిన్న అక్షరాల తేడా అయితే 'ఇద్దరూ ఒకరే' అన్న అఫిడవిట్ సరిపోవచ్చు. పేరే మారుతుంటే పత్రికా ప్రకటన కూడా అడుగుతారు. కావలసిన కాగితాల జాబితా రికార్డు ఆఫీసుని బట్టి కొంచెం మారుతుంది. అది తెప్పించుకున్నాకే అఫిడవిట్ రాయించు, లేకపోతే స్టాంపు పేపర్ల ఖర్చు రెండింతలవుతుంది.

డిశ్చార్జి బుక్కు ఒరిజినల్ పంపమంటే, ముందు ప్రతి పేజీ, ఖాళీవి కూడా, రంగుల్లో స్కాన్ చేసి దాచుకో. స్పీడ్ పోస్టులోనే పంపు, రసీదు పారేయకు. ఆ బుక్కు మీద నువ్వుగానీ పిల్లలుగానీ పెన్ను పెట్టొద్దు. ఒక్క అక్షరం కొట్టేసి దిద్దినా దాన్ని అనుమానంగానే చూస్తారు. అందులో మార్పు చేసి ముద్ర వేయాల్సింది రికార్డు ఆఫీసే.

మార్పు అయ్యాక చాలామంది ఊరుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. రికార్డు ఆఫీసు పార్ట్ టూ ఆర్డర్ అచ్చువేయడం మొదటి మెట్టు. దాని మీద ప్రయాగ్‌రాజ్‌లో పెన్షన్లు మంజూరు చేసే పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసు కోరిజెండం పీపీఓ, అంటే సవరించిన పెన్షన్ ఉత్తర్వు, ఇవ్వాలి. ఆ తరవాత రక్షణశాఖ పెన్షన్ వెబ్‌సైటు స్పర్శ్‌లో నీ ప్రొఫైల్ మారాలి. ఇవి వాటంతటవే ఒకదాని వెంట ఒకటి జరుగుతాయని నమ్మకు. ప్రతి మెట్టు దగ్గరా నంబరు, తేదీ అడిగి రాసుకో. స్పర్శ్‌లోకి లాగిన్ అయి మరదలి పేరు, పుట్టినతేదీ నీ కళ్ళతో చూసుకునేదాకా పని అయినట్టు కాదు.

చిన్నమ్మాయి సంగతి దీనికంటే తేలిక. పాప పుట్టిందని యూనిట్ అంతా మిఠాయి పంచుతారు, బర్త్ సర్టిఫికెట్ మాత్రం ఆఫీసులో ఇవ్వరు. ఇది ప్రతి యూనిట్‌లోనూ జరిగేదే. సర్టిఫికెట్ ఉంటే అదీ, ఆధారూ, అఫిడవిటూ పెట్టి పేరు చేర్చమని అడుగు. జననమే నమోదు కాకపోయి ఉంటే ముందు ఆ పని చూడు. ఏడాది దాటిన నమోదుకి మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పెళ్ళయ్యేదాకా అమ్మాయికి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కింద వైద్యం అందాలంటే ఈ ఎంట్రీ ఉండాలి. నీ పక్కింటి మాజీ సైనికుడికి మానసికంగా ఎదగని కొడుకు ఉన్నాడన్నావు. అతనికి ఇది తప్పకుండా చెప్పు: అలాంటి బిడ్డకి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. తల్లిదండ్రులు ఉండగానే మెడికల్ సర్టిఫికెట్‌తో పీపీఓలో ఆ పేరు ఎక్కించుకోవచ్చు. నేను చెప్పే వాటిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

చెవి దెబ్బ గురించి ఆశ పెట్టను, కానీ వదలొద్దు. జరిగిందని నువ్వు చెప్పినంత మాత్రాన రికార్డులో చేర్చరు, ఆ రోజుల్లో పుట్టిన కాగితం ఒకటి కావాలి. గాయం రిపోర్టు, అంటే ఐఏఎఫ్‌వై 2006 ఫారం, రాశారేమో అడుగు. ఏ మిలటరీ ఆసుపత్రిలో చేరావో, ఏ నెలలోనో గుర్తు తెచ్చుకో. నీ పెట్టెలో ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్ ఉందేమో మరదలితో కూడా వెతికించు. అన్నిటికంటే ముందు ఏఎఫ్ఎంఎస్ఎఫ్ 16 నకలు తెప్పించు. అది రిలీజ్ మెడికల్ బోర్డు ఫారం. అందులో వినికిడి గురించి ఏం రాశారు, ఎంత శాతం వేశారు, సర్వీసు వల్ల వచ్చిందన్నారా లేదా, ఆ మూడూ చూడు. డిజేబిలిటీ పెన్షన్‌కి 20 శాతం ఉండాలి. భర్తీ అయినప్పుడు లేదని రాసిన జబ్బు తరవాత వస్తే, అది సర్వీసు వల్లే వచ్చిందని చూపించే భారం సైనికుడిది కాదని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. 2023 సెప్టెంబరు తరవాత సర్వీసు నుంచి బయటికి వచ్చినవాళ్ళకి కొత్త రూల్స్ ఉన్నాయి, నువ్వు అంతకు ముందే వచ్చావు. ఆసుపత్రి రిజిస్టర్లు కలకాలం ఉంచరు, అందుకే ఈ ఉత్తరం మిగతా రెండిటికంటే ముందు వెళ్ళాలి. పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ళ సర్వీసు కాగితాలనైతే 25 ఏళ్ళు దాటాక తీసేస్తారు. అలాంటి వాళ్ళు నీకు తెలిస్తే వెంటనే నకళ్ళు తెప్పించుకోమను.

నీ పుట్టినతేదీ మార్పించుకోవచ్చా అని కూడా అడిగావు. వద్దు. భర్తీ నాడు మెమో చూసి రాసిన తేదీని సర్వీసు అయిపోయాక మార్చడానికి ఆఫీసులూ ఒప్పుకోవు, కోర్టులూ సాధారణంగా ఒప్పుకోవు. దానికోసం అబద్ధపు అఫిడవిట్ ఇస్తే అది నేరం. డబ్బిస్తే మార్పిస్తానన్న ఏజెంటుకి నీ స్పర్శ్ పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ చెప్పకు.

అన్నీ చేసినా కాదన్నారనుకో, కారణం రాతపూర్వకంగా తీసుకో. ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. ఆఖరి ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్ళాలి. పేరు, పాప ఎంట్రీ అక్కడిదాకా పోవు. చెవి విషయం పోవచ్చు, అందుకే ప్రతి రసీదూ ఒకే ఫైల్లో పెట్టు.

ఈ వారంలో ఏఎఫ్ఎంఎస్ఎఫ్ 16 కోసం ఉత్తరం పంపెయ్. మరదలి మెమో, పెళ్ళి సర్టిఫికెట్ ఫోటోలు నాకు పంపించు. ఏ కాగితం మార్చాలో చూసి, దరఖాస్తు నేనే ఇంగ్లీషులో రాసి పంపుతాను.

ఇట్లు,
అన్నయ్య