ఆ ప్రశ్న మార్చు, నాయనా

తిరుపతి

నాయనా,

నీ కథ అందింది. తాతయ్యగుంట గంగమ్మ జాతరను బాగా పట్టావు. ఆటిజం ఉన్న నడివయసు మనిషిని కథానాయకుడిగా తీసుకున్నందుకు ఇంకా సంతోషం. మన కథల్లో ఆటిజం అంటే పిల్లలే. వాళ్ళూ పెద్దవాళ్ళవుతారన్న సంగతి ఎవరికీ పట్టదు.

కానీ ఒక్క వాక్యం నొప్పించింది. అమ్మ కర్మల నాడు మేనమామ "అమ్మ గురించి ఏం గుర్తుండాదో చెప్పురా" అంటే అతను పలకడు. "అతని మనసు తుడిచేసిన పలక" అని రాశావు. అది కొట్టెయ్.

జ్ఞాపకంలో రెండు తీరులున్నాయని మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టుల్వింగ్ 1972లో విడదీసి చెప్పాడు. అమ్మ ఏ ఊరిది, ఏ ఏట పుట్టింది లాంటి సంగతులు ఒకటి. ఫలానా సాయంత్రం అమ్మ పక్కన గడిపిన ఘడియ రెండోది. ఆటిజం ఉన్న పెద్దల్లో చాలామందికి ఈ రెండోదాన్ని తమంతట తాము బయటికి తీయడం కష్టమని పరిశోధనల్లో తరచుగా కనిపించింది. ఆనవాలు అందిస్తే మాత్రం వాళ్ళకు గుర్తు చేసుకోవడం తేలికవుతుందని లండన్‌లో డెర్మట్ బౌలర్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఏళ్ళ తరబడి చూపించాడు.

కాబట్టి మేనమామను పక్కన పెట్టు. చెల్లెల్ని అడగనీ: "జాతరలో బైరాగి వేషం నాడు అమ్మ నీ మొహానికి తెల్లది పూసింది కదన్నా, యాడ కూర్చోబెట్టింది?" అప్పుడతను చెప్తాడు. పెరట్లో తొట్టి గట్టు మీద. కంట్లో పడకుండా అమ్మ ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతికి ఒక గాజు తక్కువ. పాఠకుడికి అక్కడ గొంతు పట్టేస్తుంది, నువ్వేమీ చెప్పక్కర్లేదు.

చివర్లో చెల్లెలు "బెంగళూరులో ఉద్యోగానికి పోతే ఎట్లుంటాదన్నా?" అంటే "తెలీదు" అంటాడు. దాన్ని ఆశ లేకపోవడంగా రాశావు. అన్యాయం. రేపటిని ఊహించాలంటే నిన్నటి తునకలే ఏరుకుని కొత్తగా కూర్చాలి. సోఫీ లిండ్, బౌలర్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటిజం ఉన్న పెద్దలకు గడిచిన ఘటనలతో పాటు రాబోయే ఘటనలను వర్ణించడమూ కష్టమైంది. కోరిక ఉండీ దానికి రూపం కట్టలేకపోవచ్చు. అతనికి అక్కడి గది ఫోటో చూపించు, బస్సు దిగే చోటు చూపించు. తాళం ఎవరి దగ్గరుంటాది, రాత్రి వీధిలో కుక్కలుంటాయా అని తనే అడగడం మొదలుపెడతాడు. ఆ ప్రశ్నల్ని సంభాషణలో పెట్టు.

అందరిదీ ఒకే తీరు కాదు సుమా. ఆటిజం ఉన్న శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ తన ఆలోచన బొమ్మల్లోనే సాగుతుందంటారు. అందుకే అచ్చుకు పంపేముందు ఆటిజం ఉన్న పెద్దవాళ్ళెవరి చేతనైనా చదివించు, వాళ్ళ అమ్మానాన్నల చేత కాదు. "కథ ఎట్లుంది" అని వదిలెయ్యొద్దు. కర్మల పేజీ తెరిచి, ఈ జవాబు ఇట్లాగే చెప్తారా అని అడుగు. వాళ్ళు దిద్దిన ప్రతిని నాకు పంపు.

ఆశీస్సులతో