మీ గ్రహం మీద నదులు ఎటు పారుతున్నాయి?

సైన్స్ ఫిక్షన్ రాస్తున్న పాఠకుల సందేహాలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నాం. ఈసారి ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద వచ్చాయి: గ్రహాంతరవాసుల పుట్టినిల్లయిన గ్రహాన్ని, దాని నేలను, నీటిని, జీవరాశిని ఎలా కల్పించాలి?

ప్రశ్న: నా నవల కోసం ఒక గ్రహం పటం గీశాను. రెండు ఖండాలు, ఒకదాని మధ్యలో ఎడారి, ఎడారిని ఆనుకుని దట్టమైన అడవి, ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రంలోకి పారే మహానది. చూసినవాళ్లు నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు నది సంగతి. సముద్రం నుంచి సముద్రంలోకి పోయేదాన్ని జలసంధి అంటారు, అది నది కాదు. నది మెరకలో పుట్టి పల్లానికి వస్తుంది. దారిలో ఉపనదులు వచ్చి కలుస్తాయే తప్ప మామూలుగా అది రెండుగా చీలదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా విడిపోయినట్టు, చీలిక డెల్టాలోనే వస్తుంది. సరస్సులోకి ఎన్ని వాగులైనా దిగొచ్చు గానీ బయటికి పోయే దారి దాదాపు ఎప్పుడూ ఒక్కటే. గట్టు ఎక్కడ తక్కువ ఎత్తులో ఉంటే నీళ్లు అక్కడ పొర్లుతాయి. పొర్లేకొద్దీ ఆ చోటే కోసుకుపోయి ఇంకా లోతవుతుంది.

దగ్గర్లో సముద్రం ఉంది కాబట్టి నది అటే పోవాలనీ లేదు. కృష్ణ పుట్టే మహాబలేశ్వరం నుంచి అరేబియా సముద్రం 60, 70 కిలోమీటర్ల దూరమే. అయినా పీఠభూమి వాలు తూర్పుకు ఉండబట్టి ఆ నది 1400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మీ పటంలో ఇలాంటి నది ఒక్కటున్నా ఆ నేలకు ఒక చరిత్ర ఉందని చదివేవారికి తెలిసిపోతుంది.

అసలు పొరపాటు గీసిన వరుసలో ఉంది. నదులు, అడవులు చివర్న రావాలి. 36 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కాగితం తీసుకోండి. ఒక్కో సెంటీమీటరు 10 డిగ్రీలు. భూమి అంత గ్రహమైతే భూమధ్యరేఖ మీద అది 1113 కిలోమీటర్లు. ఈ లెక్కన కృష్ణానది మొత్తం ఒకటింబావు సెంటీమీటరే! కొత్తగా గీసేవాళ్లు నదుల్ని దీనికి పదింతలు లాగేస్తుంటారు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఇలాంటి పటంలో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అడ్డంగా గీసినదంతా అసలు వెడల్పుకు రెట్టింపు కనిపిస్తుంది. ధ్రువాల వైపు ఖండాలు గీసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మొదట భూఫలకాల (నేల పైపొరలో మెల్లగా జరిగే పెద్ద పలకల) గీతలు వేసి, ఒక్కోటి ఎటు జరుగుతోందో బాణం పెట్టండి. రెండు ఖండాలు ఢీకొన్నచోట హిమాలయాల్లాంటి పర్వతాలు వస్తాయి. సముద్రపు ఫలకం ఖండం కిందికి దూరినచోట ఆండీస్‌లాగా తీరం వెంబడి అగ్నిపర్వతాల వరస లేస్తుంది. తర్వాత 0, 30, 60 అక్షాంశాలు గీయండి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి వాన కురిపిస్తుంది. తేమ పోగొట్టుకున్న ఆ గాలి 30 డిగ్రీల చుట్టుపక్కల కిందికి దిగుతుంది. సహారా, ఆస్ట్రేలియా ఎడారులు ఆ పట్టీలో ఉండటానికి కారణం అదే. 0 నుంచి 30 వరకు గాలి తూర్పు నుంచి, 30 నుంచి 60 వరకు పడమర నుంచి వీస్తుంది. ఇప్పుడు సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న కొండవాలుకు పచ్చరంగు వేసి, కొండ వెనక ఉన్న నేలను ఎండగట్టండి. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాల నీటిని పిండేసుకోబట్టే అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమవుతోంది. మీ ఎడారికీ అడవికీ మధ్య ఒక పర్వతశ్రేణిని నిలబెడితే చాలు, ఆ పొరుగు సబబవుతుంది.

ఇదంతా 24 గంటల రోజుకు వర్తించే లెక్క. గ్రహం బాగా నెమ్మదిగా తిరిగితే గాలి దిగే చోటు ధ్రువాల వైపు జరుగుతుంది. 243 రోజులకు ఒక చుట్టు తిరిగే శుక్రుడి మీద అది ధ్రువాల దాపుకు పోయింది. మీ గ్రహం మీద పొద్దు పడమట పొడిచేట్టయితే గాలుల బాణాలన్నీ తిరగబడతాయి, ఎడారులు ఖండానికి అవతలి తీరానికి మారతాయి.

ప్రశ్న: మా గ్రహం మీద ఒక సంవత్సరం మన మూడేళ్లంత ఉండాలి. నక్షత్రం మాత్రం సూర్యుడి కంటే చిన్నదిగా, ఎర్రగా ఉండాలి. కుదురుతుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రెండూ కలిపి కుదరవు. చిన్న నక్షత్రానికి కాంతి తక్కువ కాబట్టి నీళ్లు గడ్డకట్టకుండా ఉండాలంటే గ్రహం దగ్గరగా తిరగాలి. దగ్గరగా తిరిగితే సంవత్సరం కురచబడుతుంది. భూమికి అందినంత వెలుగే అందే గ్రహానికి ఒక తేలిక లెక్క ఉంది. నక్షత్రం ద్రవ్యరాశిని సూర్యుడితో పోల్చి ఒక అంకెగా తీసుకోండి. దాని వర్గాన్ని దాని వర్గమూలంతో గుణిస్తే సంవత్సరం పొడవు మన ఏళ్లలో వస్తుంది. సూర్యుడికి సగం నుంచి రెండింతల వరకు ఉన్న నక్షత్రాలకు ఈ లెక్క ఉజ్జాయింపుగా సరిపోతుంది. 0.7 అనుకుంటే 0.49ని 0.84తో గుణించాలి. సుమారు 0.41, అంటే 150 రోజులు. మన స్వల్పకాలిక వరి కోతకు రావడానికే దాదాపు 120 రోజులు పడుతుంది. అంటే అక్కడ ఒక్క పైరు అన్ని రుతువుల్నీ చూసేస్తుంది.

మూడేళ్ల సంవత్సరమే కావాలంటే 1.55 రెట్ల నక్షత్రాన్ని తీసుకోండి. అది తెల్లగా, సూర్యుడికి దాదాపు ఆరింతల కాంతితో వెలుగుతుంది గానీ ఆయుష్షు సుమారు 300 కోట్ల ఏళ్లే. భూమి మీద జంతువులు రావడానికి ఇంచుమించు 400 కోట్ల ఏళ్లు పట్టింది. కాబట్టి అక్కడ పరిణామం త్వరగా ఎందుకు జరిగిందో కథలో ఒక కారణం చూపాల్సి ఉంటుంది.

ప్రశ్న: ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రానికి చూపే గ్రహం మీద జీవులు ఎక్కడ బతుకుతాయి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఎన్ని కథలు రాసినా తరగని గ్రహం ఇది. 2016లో కనుగొన్న ప్రాక్సిమా సెంటారీ బి ఇలాంటిదే అయ్యుండొచ్చని శాస్త్రవేత్తల అంచనా. మనకు 4.2 కాంతి సంవత్సరాల దూరంలో, 11.2 రోజులకు ఒకసారి తన ఎర్ర మరుగుజ్జు నక్షత్రాన్ని చుట్టి వస్తుంది.

అక్కడ సూర్యుడు ఆకాశంలో కదలడు. నడినెత్తినో, చెట్టు కొమ్మల ఎత్తులోనో, నేల అంచునో ఒక్కో ఊరికి ఒక్కో చోట శాశ్వతంగా నిలిచిపోతాడు. నీడలూ కదలవు. ఒక బండ వెనక పడిన నీడ లక్షల ఏళ్లుగా నీడే. కాబట్టి బండకు ఈవల ఒక జాతి, ఆవల ఇంకో జాతి పెరుగుతాయి. మొక్కలు ఆకుల్ని ఒకే పక్కకు పరుస్తాయి. పొద్దు వాలినట్టుండే చోట్ల పొడుగు చెట్టు తన వెనక చెట్టుకు వెలుగు అందనివ్వదు, అందుకని అడవి వరసలు వరసలుగా ఎడంగా పెరుగుతుంది. ఎర్ర వెలుగులో చిక్కినదంతా పీల్చుకోవడానికి ఆకులు నల్లగా ఉండొచ్చని కొందరు శాస్త్రవేత్తలు అంటారు.

చాలామంది మరిచిపోయేది నీటి సంగతి. పగటి వైపు ఆవిరైన నీరు చీకటి వైపు మంచుగా కురిసి అక్కడే పేరుకుపోతుంది. తిరిగొచ్చే దారి చూపకపోతే పగటి వైపు ఎండిపోతుంది. హిమానీనదాలు తమ బరువుకు తామే జారి పగటి వైపుకూ చీకటి వైపుకూ మధ్య ఉండే సంధ్యపట్టీ దాకా వచ్చి కరిగేలా రాయండి. అప్పుడు గ్రహం చుట్టూ ఒక వలయంలా నదులు పుడతాయి, ఊళ్లూ అక్కడే వెలుస్తాయి. నేల మీద వీచే చలిగాలి మామూలుగా చీకటి వైపు నుంచే వస్తుంది, ఇళ్లకు ఆ వైపు తలుపులు పెట్టకండి. గాలిపొర మరీ పలచగా ఉంటే మాత్రం అదే చీకటి వైపు గడ్డకట్టి పడిపోతుంది, గ్రహం చచ్చిపోతుంది.

ఆ జనం భాషలో ‘రేపు’ అనే మాట ఉండదు. కాలాన్ని కొలవాలంటే చీకటి వైపు వెళ్లి నక్షత్రాల్ని చూడాలి. అవి 11.2 రోజులకు ఒక చుట్టు తిరుగుతాయి.

ప్రశ్న: గురుత్వం ఎక్కువున్న గ్రహం మీద రాక్షస జంతువుల్ని పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: నేల మీద వద్దు. గ్రహం ద్రవ్యరాశిని వ్యాసార్ధం వర్గంతో భాగించండి, రెండూ భూమితో పోల్చిన అంకెలే. ద్రవ్యరాశి 2, వ్యాసార్ధం 1.2 అయితే గురుత్వం 1.39. అక్కడ 60 కిలోల మనిషికి 83 కిలోలు మోస్తున్నట్టుంటుంది. ఒక జంతువును పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటా రెట్టింపు చేస్తే బరువు 8 రెట్లవుతుంది. ఆ బరువు మోసే ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం 4 రెట్లే అవుతుంది. ఏనుగు కాళ్లు స్తంభాల్లా నిటారుగా ఉన్నది అందుకే. మీ గ్రహం మీద పొట్టి మెడలు, బలిసిన కాళ్లు, నేలను అంటిపెట్టుకున్న ఒళ్లు రావాలి. పర్వతాలూ అంత ఎత్తుకు లేవవు. రాక్షస జంతువే కావాలంటే సముద్రంలో పెట్టండి. నీళ్లు బరువును మోస్తాయి కాబట్టి 30 మీటర్ల నీలితిమింగలం మన సముద్రాల్లోనే హాయిగా ఈదుతోంది.

ప్రశ్న: నీలిరక్తం, ఆకుపచ్చ రక్తం నిజంగా సాధ్యమా?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: నీలిరక్తం మీ ఊరి చెరువుల్లోనే ఉంది. మన రక్తంలో ఆక్సిజన్ మోసేది ఇనుమున్న హిమోగ్లోబిన్. రొయ్యకు, పీతకు, ఆక్టోపస్‌కు ఆ పని రాగి ఉన్న హీమోసయనిన్ చేస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు అది నీలంగా మారుతుంది, వదిలేశాక రంగు పోతుంది. అందుకే నీలిరక్తపు జీవి ఊపిరాడక చస్తే గాయం నుంచి నీలిరంగు కారినట్టు రాయకండి. ఆకుపచ్చ రక్తానికి న్యూగినీలోని కొన్ని నలికిరి జాతులు ఉదాహరణ. వాటి రక్తంలోనూ హిమోగ్లోబినే ఉంటుంది. బైలివెర్డిన్ అనే పచ్చటి పదార్థం విపరీతంగా పేరుకోవడంతో ఎరుపు కనిపించదు, వాటి కండరాలు, ఎముకలు కూడా పచ్చగానే ఉంటాయి.