మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో స్పామ్ డొమైన్ల లిస్టు ఎక్కించాను, మొదటిది ఒక్కటే ఆగుతోంది. ఎందుకు?

ఎక్సెల్ నుంచి కాపీ చేసిన లిస్టు పెట్టాను, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే టేబుల్‌గా మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండ్ ఏ ఎర్రరూ చూపలేదు, అయినా మొదటి డొమైన్ తప్ప అన్నీ దర్జాగా వస్తున్నాయి అన్నారు కదా. ముందు ఆ ఫైల్లో ప్రతి లైను మొదట్లో స్పేస్ ఉందేమో చూడండి.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు మెయిల్ సర్వర్ చూస్తాను. నాకూ అచ్చం ఇదే అయింది. రెండు రోజులు తల పట్టుకున్నాక లాగ్‌లో ఒక రిజెక్ట్ లైను చివరిదాకా చదివాను. కారణం ఉండాల్సిన చోట మిగతా డొమైన్ల పేర్లు బారులు తీరి ఉన్నాయి! పోస్ట్‌ఫిక్స్ టేబుల్‌లో స్పేస్‌తో మొదలయ్యే లైను కొత్త లైను కాదు, పై లైనుకు కొనసాగింపు. మొదటిది చేత్తో టైప్ చేశాను, మిగతావి పేస్ట్ చేశాను. అలా లిస్టంతా ఒకే డొమైన్ సందేశంలో కలిసిపోయింది.

ఆ స్పేస్‌లు తీసేసి మళ్లీ పోస్ట్‌మ్యాప్ నడపండి. తర్వాత అదే కమాండ్‌కు మైనస్ క్యూ ఇచ్చి, లిస్టు మధ్యలోని ఏదో ఒక డొమైన్ అడగండి. రిజెక్ట్ అని వస్తే ఎక్కినట్టే.

అప్పటికీ కొన్ని వస్తాయి. ఈ లిస్టును వాడే చెక్ సెండర్ యాక్సెస్ అనే సెట్టింగ్ చూసేది ఇన్‌బాక్స్‌లో కనిపించే ఫ్రమ్ లైనును కాదు, కవరు మీది అడ్రసును, అంటే పంపే సర్వర్ మన సర్వర్‌కు చెప్పే అడ్రసును. మెయిల్ సోర్స్ తెరిచి, రిటర్న్ పాత్‌లో ఉన్న డొమైన్ రాసుకోండి.

ఇంకోటి, నాలా తొందరపడకండి. చెక్ సెండర్ యాక్సెస్ ముందు వార్న్ ఇఫ్ రిజెక్ట్ పెట్టి వారం నడపండి. మెయిల్ ఆగదు, లాగ్‌లో మాత్రం పడుతుంది. ఎక్కడినుంచో తెచ్చుకున్న నా లిస్టులో ఒక ఉచిత మెయిల్ సర్వీసు డొమైన్ కూడా ఉంది, నేను చూసుకోలేదు. కాకినాడ పోర్టు బ్రోకరు వాడేది అదే. పూట మొత్తం ఆయన మెయిళ్లు 554 అనే రిజెక్ట్ కోడ్‌తో వెనక్కి పోయాయి. ఆయన ఫోన్ చేస్తే మా సేటు నన్ను పిలిచి, మిల్లులో చెడ్డ గింజలు ఏరేసే సార్టెక్స్ మిషన్‌తో పోలుస్తూ, "సార్టెక్స్ మరీ టైట్ పెడితే మంచి గింజ కూడా రిజెక్షన్ల పోతది. నీ మిషన్ కూడా గట్లనే పెట్టినవా?" అన్నాడు. ఏం చెప్తాం!

నిజానికి చేతి లిస్టుతో ఎక్కువ రోజులు నెట్టుకురాలేం, స్పామర్లు డొమైన్లు మారుస్తూనే ఉంటారు. ఐపీ అడ్రసులకైతే స్పామ్‌హాస్ జెన్ లాంటి డీఎన్ఎస్ బ్లాక్‌లిస్టు (స్పామ్ పంపే ఐపీల లిస్టు, డీఎన్ఎస్ ద్వారా అడిగి చూసుకోవచ్చు) మేలు. కానీ సర్వర్ డీఎన్ఎస్ 8.8.8.8 (గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్) అయితే జాగ్రత్త. పబ్లిక్ డీఎన్ఎస్ నుంచి అడిగితే జెన్ 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. ఏ జవాబు వచ్చినా స్పామే అనుకునేలా సెట్ చేసి ఉంటే మంచి మెయిల్ కూడా గేటు దగ్గరే ఆగిపోతుంది. అందుకే సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ ప్రోగ్రామ్ పెట్టుకుని, 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు వచ్చే జవాబులకే రిజెక్ట్ చేయమని రాయండి.