స్కూలు ఆఫీసులో ఎక్సెల్ షీట్లు వదిలేసి సాఫ్ట్‌వేర్ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ: పాలకొల్లు దగ్గర ప్రైవేటు స్కూలు, ఆరు వందల మంది దాకా పిల్లలు. అడ్మిషన్లు ఒక ఎక్సెల్ షీటులో, ఫీజులు ఇంకో షీటులో ఉన్నాయి. రెండింటికీ పొంతన కుదరడం లేదు. కరస్పాండెంటు గారేమో సాఫ్ట్‌వేర్ కొనేద్దాం అంటున్నారు. కొనాలా వద్దా?

ఇప్పుడే కొనొద్దండి. నేను కోనసీమలో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. సాయంత్రాలు అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు చూస్తాను. రెండు చోట్లా చూసింది ఒకటే. సాఫ్ట్‌వేర్ అమ్మే అబ్బాయి వచ్చిన రోజే "మీ డేటా ఎక్సెల్‌లో పెట్టి ఇవ్వండి" అంటాడు. అందులో ఉన్న తప్పులన్నీ అలాగే లోపలికి పోతాయి. తర్వాత అవే శుభ్రంగా ప్రింటయి రసీదుల మీద బయటికొస్తాయి. అప్పుడు వాటిని పట్టుకోవడం ఇంకా కష్టం.

పొంతన కుదరకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ పేర్లేనండి. మన వైపు అన్నవరం సత్యదేవుడి పేరు పెట్టుకున్న పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వీర వెంకట సత్యనారాయణ అని ఆధార్‌లో ఉంటుంది, వి.వి. సత్యనారాయణ అని అడ్మిషన్ షీటులో, సత్య అని ఫీజు షీటులో. ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు వెనక రాస్తారు. ఇంగ్లీషులో సత్యకి 'టి' ఒక్కటే పెట్టాలో పక్కన 'హెచ్' కూడా పెట్టాలో ఎవరిష్టం వాళ్లది. ఈ పేర్లని పట్టుకుని రెండు షీట్లు కలపాలంటే ఏ కంప్యూటరూ కలపలేదు.

కాబట్టి పిల్లాడిని అడ్మిషన్ నంబరుతోనే గుర్తించండి. అది మీ అడ్మిషన్ రిజిస్టరులో ఇప్పటికే ఉంది. ప్రభుత్వం ఇచ్చే నంబర్లు, అంటే 11 అంకెల పెన్ (విద్యార్థి శాశ్వత నంబరు), 12 అంకెల అపార్ (విద్యార్థి ఐడీ), పక్క గడుల్లో ఉంచుకోండి గానీ వాటిని ఆధారం చేసుకోవద్దు. ఎల్‌కేజీలో చేరిన రోజున పిల్లాడికి అవి ఉండవు కదా. టీసీ తీసుకుని వెళ్లిపోయిన వాళ్ల నంబరు ఇంకొకరికి ఎప్పుడూ ఇవ్వకండి.

వ్యాపారంలోనూ ఇదే గొడవ. మా వ్యాపారి గారి ఖాతాల్లో ముగ్గురు సత్తిబాబులు ఉండేవారు. ఆయనకి ముఖం చూస్తే తెలుసు, కాలవ అవతల సత్తిబాబు ఎవరో, లంకలో సత్తిబాబు ఎవరో. బిల్లులు కొట్టే కుర్రాడికి తెలియదు. కొబ్బరికాయల దింపు డబ్బులు ఒకరివి ఇంకొకరి లెడ్జర్‌లో పడ్డాయి. పండక్కి ముందు రైతు వచ్చి నిలబడి అడిగితే ఆ పెద్దాయన మొహంలోకి చూడలేకపోయాం. ఇప్పుడు లెడ్జరు పేరులోనే ఊరు, ఫోను చివరి నాలుగు అంకెలు ఉంటాయి. ట్యాలీలో అలియాస్ అని ఒక గడి ఉంటుంది, పిలుపు పేరు అందులో పెట్టుకోవచ్చు.

ఇక ఎక్సెల్ చేసే పనులు. ఇవి తెలియకపోతే ఎంత జాగ్రత్తగా టైపు చేసినా డేటా పాడవుతుంది.

కొత్త షీటులో ఆధార్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కండి. 4.56789ఇ+11 అని కనిపిస్తుంది. మామూలు గడి 11 అంకెల వరకే పూర్తిగా చూపిస్తుంది, ఆధార్ 12. లోపల నంబరు భద్రంగానే ఉంటుంది, కంగారు లేదు. కానీ ఆ షీటుని ఎక్కడో అప్‌లోడ్ చేయడానికి సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన సాదా ఫైలుగా, సేవ్ చేశారనుకోండి, కనిపించిందే ఫైల్లోకి వెళ్తుంది. మళ్లీ తెరిస్తే చివరి ఆరు అంకెలూ సున్నాలే. ఆ ఫైలు నుంచి అసలు నంబరు ఇక రాదు. బ్యాంకు ఖాతా నంబర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ముందున్న సున్నాలు రాలిపోతాయి. 15 అంకెలు దాటితే ఆ తర్వాతివి సున్నాలైపోతాయి, ఈసారి లోపల కూడా. టీచర్ల జీతాల ఫైలు పంపేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. టైపు చేయడానికి ముందే ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి. తర్వాత మారిస్తే పోయినవి తిరిగి రావు.

పుట్టినతేదీ అన్నిటికంటే ప్రమాదం. విండోస్‌లో రీజియన్ అమెరికా అని ఉంటే 05/08/2014 అని మీరు ఆగస్టు అయిదు కొడతారు, అది మే ఎనిమిది అనుకుంటుంది. 25/08/2014 కొడితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీ అనుకోకుండా మాటలాగా వదిలేస్తుంది. ఇప్పుడే మీ షీటు తెరిచి ఆ కాలమ్ చూడండి. కొన్ని తేదీలు గడిలో ఎడమవైపు, కొన్ని కుడివైపు అంటుకుని ఉంటే ఇదే జరిగింది. కుడివైపున్నవి ఒక్కొక్కటీ రిజిస్టరుతో సరిచూడాలి. పదో తరగతి మెమోలో పడిన పుట్టినతేదీ ఆ పిల్లాడితో ఉద్యోగం దాకా, పాస్‌పోర్టు దాకా వెళ్తుంది. దాన్ని మార్పించుకోవడానికి తల్లిదండ్రులు కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. నేనైతే రోజు, నెల, సంవత్సరం మూడు వేరే కాలమ్‌లలో పెట్టిస్తాను. చూడ్డానికి బాగుండదు, కానీ తేదీ తిరగబడదు.

పాత .ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లు ఇంకా వాడుతుంటే కొత్త .ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లోకి మార్చేయండి. పాతదాంట్లో 65,536 వరుసలే పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో ఈ హద్దు వల్లే దాదాపు 16 వేల కరోనా పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా కొన్నాళ్లు ఉండిపోయాయి. మీ ఆరు వందల మంది హాజరు ఒక్కో పిల్లాడికి రోజుకో వరుస చొప్పున రాస్తే ఏడాది తిరగకుండానే ఆ హద్దు దాటిపోతుంది.

ఫీజు షీటులో పేరు టైపు చేయనే వద్దు. అడ్మిషన్ నంబరు కొడితే పేరు, క్లాసు వీలుకప్ (VLOOKUP) అనే ఎక్సెల్ ఫార్ములాతో అడ్మిషన్ షీటు నుంచి రావాలి. తండ్రి ఫోను నంబరు మారితే ఒక్క చోట దిద్దితే చాలు. ఈ ఒక్క మార్పుతో మీ పొంతన సమస్య చాలావరకు తీరుతుంది.

బ్యాకప్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మనది డెల్టా. 2022 జూలై వరదలకి లంక గ్రామాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అదే ఏడాది మే నెలాఖరులో కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు, అన్నీ ఆన్‌లైన్‌లోనే పెట్టుకున్న వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. అందుకని ఒక కాపీ ఆన్‌లైన్‌లో, ఒకటి హార్డ్‌డిస్కులో ఉండాలి. ఆ డిస్కు స్కూల్లో కాకుండా మేడ మీద ఇల్లున్న వాళ్లెవరి దగ్గరైనా ఉండాలి. కంప్యూటరుకి ఎప్పుడూ తగిలించి ఉంచొద్దు. ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ వస్తే దాన్నీ పట్టుకుంటుంది. ఆఫీసు సిస్టమ్ ఇంకా విండోస్ 10 అయితే దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, అది కూడా చూసుకోండి. ట్యాలీ వాడేవాళ్లు కంపెనీ డేటాకి తాళం వేసే ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది మర్చిపోతే తెరిచిపెట్టే వాళ్లు లేరు. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్లో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు.

ఇంకొకటి. పిల్లల ఆధార్ ఫొటోలు క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమని దయచేసి అడగకండి. వందమంది ఫోన్లలో అది శాశ్వతంగా ఉండిపోతుంది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లు పిల్లలే, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం లేకపోయినా ఆడపిల్ల ఫొటో, ఇంటి అడ్రసు, తల్లి ఫోను నంబరు ఒకే కాగితం మీద ఊరంతా తిరగడం ఏ ఇంట్లోనైనా ఒప్పుకుంటారా? ఆఫీసు కౌంటరు దగ్గర చూసి నంబరు ఎక్కించుకుని కార్డు తిరిగి ఇచ్చేయండి.

ఇదంతా అయ్యాక సాఫ్ట్‌వేర్ కొనండి, నేను వద్దనను. రసీదులు, బాకీల జాబితాలు చేతిమీద చేయడం కంటే చాలా నయం. అమ్మేవాళ్లని మూడు అడగండి. మా డేటా మొత్తం ఎప్పుడు కావాలంటే అప్పుడు మేమే ఎక్సెల్‌లోకి దించుకోవచ్చా? వచ్చే ఏడాది డబ్బు కట్టకపోతే పాతవి కనిపిస్తాయా? ఒక రసీదుని ఎవరు, ఎప్పుడు మార్చారో తెలుస్తుందా? మొదటిదానికి నీళ్లు నమిలితే అక్కడితో ఆపేయండి.

వేసవి సెలవుల్లో మొదలుపెట్టండి, ముందు తొమ్మిదో తరగతితో. వాళ్లే కదా వచ్చే ఏడాది పదో తరగతి నామినల్ రోల్స్‌లోకి, అంటే పరీక్షకి పంపే పేర్ల జాబితాలోకి వెళ్లేది. రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒకరు చదువుతుంటే ఒకరు షీటులో చూడాలి. వీలుకప్ దగ్గర ఆగిపోతే మీ కాలమ్‌ల పేర్లు మాత్రం ఇక్కడ రాయండి, పిల్లల వివరాలు పెట్టొద్దు. ఫార్ములా నేను రాసిస్తాను.