రెట్ట అంటిన గుడ్లను పొదగేసే ముందు కడగాలా?

ప్రశ్న: మా పెట్టలు గూట్లోనే గుడ్లు పెడుతున్నాయి గానీ, నాలుగింట ఒకదానికి రెట్ట అంటుకుని ఉంటోంది. పోయినసారి ఇంక్యుబేటర్‌లో పెట్టే ముందు అన్నింటినీ కుళాయి కింద చల్లటి నీళ్లతో బాగా తోమి కడిగాను. పన్నెండో రోజుకల్లా ఒకటే కంపు, ఒక గుడ్డు పేలి పక్కవాటి మీదంతా చిమ్మింది. 30 గుడ్లకు 11 పిల్లలే దిగాయి. అసలు కడగాలా, వద్దా?

జవాబు: మీ కొంప ముంచింది ఆ చల్లటి నీళ్లే.

పెంకు గట్టిగా కనిపిస్తుంది గానీ దాని నిండా కంటికి ఆనని రంధ్రాలు, ఒక్కో గుడ్డుకు సుమారు 7 వేల నుంచి 17 వేల దాకా ఉంటాయి. లోపల పెరిగే పిల్ల ఊపిరి పీల్చేది వాటి గుండానే. పెట్ట గుడ్డు పెట్టిన క్షణంలో పక్కనే ఉండి చూడండి, పెంకు తడితడిగా మెరుస్తూ ఉంటుంది, మీరు చూస్తుండగానే ఆ మెరుపు పోయి ఆరిపోతుంది. అలా ఆరిన పలుచటి పొరే రంధ్రాలకు మూత. మనం ఎన్ని మందులు కలిపి కడిగినా దానికి సాటి రాదు, మీరు పీచు పెట్టి తోమి పోగొట్టింది దాన్నే.

ఇక చల్లటి నీళ్ల సంగతి. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు కోడి ఒంటి వేడితో, దాదాపు 41 డిగ్రీలతో ఉంటుంది. చల్లారేకొద్దీ లోపలిది కుంచించుకుపోతుంది, ఆ ఖాళీలోకి బయటి గాలి వెళ్తుంది, లావు కొసన కనిపించే గాలి గది అలా వచ్చిందే. అదే గుడ్డును దానికంటే చల్లటి నీళ్లలో పెడితే మళ్లీ అలాగే కుంచించుకుని, ఈసారి గాలికి బదులు రెట్ట కలిసిన నీళ్లను పీల్చుకుంటుంది. ఆ తర్వాత 37.5 డిగ్రీల వెచ్చదనంలో రోజుల తరబడి పెడతాం కదా, లోపలికి చేరిన బ్యాక్టీరియా పెరిగి, గుడ్డు మురిగి, గ్యాస్ పట్టి చివరికి పేలుతుంది.

ఇప్పుడేం చేయాలంటే, ముందు గుడ్లను ఏరండి. శుభ్రంగా ఉన్నవాటి జోలికి అసలు పోవద్దు, తడిగుడ్డ కూడా తగలనివ్వద్దు. ఎండిన రెట్ట చుక్క ఒకటో రెండో ఉంటే గోటితో గీకండి, రాకపోతే సన్నరకం ఉప్పు కాగితం ముక్కతో ఆ మచ్చ ఉన్నంత మేరకే తేలిగ్గా రుద్దండి, తెల్లగా మెరిసేదాకా అక్కర్లేదు, మరక రంగు మిగిలినా ఫర్వాలేదు. చేతులు మాత్రం కడుక్కుని పూర్తిగా ఆరాకే గుడ్డు పట్టుకోండి. పెంకు సగం రెట్టతోనో, పగిలిన గుడ్డు సొనతోనో నిండి ఉన్నవి, చీలిక ఉన్నవి పక్కన పెట్టేయండి. ఇక్కడే మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. నేను మొదట్లో అలాంటి ఒక్క గుడ్డును పారేయలేక ట్రేలో ఓ మూల పెట్టాను. కొన్ని రోజులకు దాని పెంకు మీద చెమట పట్టినట్టు గోధుమరంగు చుక్కలు ఊరాయి, మూత తీస్తే ముక్కు పగిలే వాసన. ఆ ఒక్కదాని వల్ల చుట్టూ ఉన్న మంచి గుడ్లు కూడా పోయాయి. మీ ట్రేలో అలా చుక్కలు ఊరే గుడ్డు కనిపిస్తే కదిలించకుండా మెల్లగా కవర్‌లోకి తీసి బయట పడేయండి.

గుడ్లు దొరకడమే కష్టమై కడగక తప్పదనుకుంటే, నీళ్లు గుడ్డుకంటే వేడిగా ఉండాలి, 43 నుంచి 48 డిగ్రీల మధ్య, థర్మామీటర్ పెట్టి చూసుకోండి. నానబెట్టొద్దు. రెండు మూడు నిమిషాల్లో పని అయిపోవాలి, నీళ్లు మురికి పట్టగానే మార్చాలి, ఎందుకంటే ఒకే గిన్నెలో అన్నీ ముంచితే ఒకదాని రోగం అన్నింటికీ అంటుతుంది. పొదిగే గుడ్ల కోసమే అమ్మే క్రిమినాశక ద్రవం ఉంటే లేబుల్ మీద రాసిన మోతాదులోనే కలపండి. తుడవకుండా ట్రేలో ఆరనిచ్చి, ఆరిన వెంటనే పొదగేయండి. కడిగిన గుడ్డును వారం దాచిపెట్టడానికి లేదు.

అసలు నయం చేయాల్సింది గూటిని. నాలుగింట ఒకటి మురికి అంటే మీ పెట్టలు రాత్రిళ్లు గుడ్లు పెట్టే గూట్లోనే పడుకుంటున్నాయేమో ఒకసారి చూడండి. కోడి నిద్రపోయిన చోటే రెట్ట వేస్తుంది. సాయంత్రం గూడు మూసి, దానికంటే ఎత్తులో పడుకోవడానికి కర్ర కట్టండి, గడ్డి తడిసినప్పుడల్లా మార్చండి, రోజుకు మూడు నాలుగుసార్లు గుడ్లు తీయండి.

ప్రశ్న: వెనిగర్‌తో తుడిస్తే క్రిములు చస్తాయంటున్నారు, నిజమేనా?

జవాబు: వద్దండీ. పెంకంతా సున్నమే, పులుపు తగిలితే కరుగుతుంది.

ప్రశ్న: తల్లికోడి కింద గుడ్లను ఎవరూ కడగరు, అయినా పిల్లలు దిగుతాయి కదా? మరి మాకెందుకీ టెన్షన్?

జవాబు: తల్లికోడి కింద కూడా మురిగిన గుడ్లు ఉంటాయి, మనం లెక్కపెట్టం అంతే. పైగా అది కూర్చునేది గాలి ఆడే చోట, అప్పుడప్పుడు లేచి మేతకు పోతుంది కాబట్టి గుడ్లు పొడిగానే ఉంటాయి. ఇంక్యుబేటర్ మూసిన పెట్టె, లోపల తేమ, ఫ్యాన్ ఉంటే ఒక మూల క్రిములు నిమిషాల్లో అన్ని గుడ్ల మీదికీ చేరతాయి. అందుకే ఒక బ్యాచ్ దిగాక ట్రేలు, నీళ్ల తొట్టి, ఫ్యాన్ రెక్కలు కడిగి ఆరబెట్టకుండా రెండో బ్యాచ్ పెట్టొద్దు. చల్లటి గదిలో దాచిన గుడ్లయితే ముందు కొన్ని గంటలు మామూలు గదిలో ఉంచండి, లేకపోతే ఇంక్యుబేటర్‌లోకి వెళ్లగానే పెంకు మీద నీరు పట్టి, మీరు కడగకపోయినా కడిగినట్టే అవుతుంది.